బరాకుడా, ట్రెవల్లీ గుంపుల్ని చూడాలంటే ముందు ప్రవాహాన్ని చదవాలి

పగడపు దిబ్బ మీద గుంపుగా తిరిగే వేటచేపలు ఎక్కడ పడితే అక్కడ దొరకవు. ప్రతి దిబ్బకీ ప్రవాహం వచ్చి ఎదురు కొట్టే మూల ఒకటి ఉంటుంది. చెవ్రాన్ బరాకుడాలైనా, బిగ్ ఐ ట్రెవల్లీలైనా ఎక్కువగా చేరేది ఆ మూలకే. ప్రవాహం తిరగబడితే మూల కూడా మారిపోతుంది. పొద్దున స్కూబా డైవ్‌కి దిగినవాళ్ళకి వందల చేపలు కనిపించి, అదే చోట మధ్యాహ్నం దిగినవాళ్ళకి ఒక్కటీ కనపడలేదంటే చాలాసార్లు కారణం ఇదే. అదృష్టం సంగతి ఆ తర్వాత.

ఆ ఎదురుమూలలో ఏముందంటే, తిండి. నీళ్ళు గట్టుకి తగిలి పైకి లేచేటప్పుడు ప్లవకాలను మోసుకొస్తాయి. వాటిని తినడానికి ఫ్యూజిలియర్ లాంటి చిన్న చేపలు అక్కడ మూగుతాయి. వాటి మీద కన్నేసిన పెద్ద చేపలు పక్కనే మకాం వేస్తాయి. పైగా ప్రవాహానికి ఎదురు తిరిగి నిలబడితే తోక కాస్త ఆడిస్తే చాలు, ఉన్నచోటే ఉండిపోవచ్చు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పగలు కనిపించే పెద్ద గుంపు చాలావరకు వేటలో ఉండదు, విశ్రాంతిలో ఉంటుంది. బిగ్ ఐ ట్రెవల్లీలు, గుంపుకట్టే బరాకుడా జాతులు ఎక్కువగా చీకటి పడ్డాక విడిపోయి వేటాడతాయి, తెల్లవారేసరికి మళ్ళీ ఒకచోట చేరతాయి. విశ్రాంతిలో ఉన్న చేప, మనం నెమ్మదిగా ఉంటే, దగ్గరికి రానిస్తుంది. గుంపుని ఎలా సమీపించాలో కింద చెప్పిందంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఏది ఏ చేప

ట్రెవల్లీలు మన కోస్తా బజార్లలో పార అని అమ్మే చేపల కుటుంబానికే చెందుతాయి. దిబ్బల దగ్గర పెద్ద గుంపు కట్టేది బిగ్ ఐ ట్రెవల్లీ. ఒళ్ళంతా వెండిరంగు, తలకి మించిన కన్ను, రెండో వీపు రెక్క కొసన చిన్న తెల్ల మచ్చ. అర మీటరు పైబడిన చేపలు మామూలే. గుంపు అంచుల్లో ఒక్కోసారి బొగ్గులా నల్లబడిన చేప ఒకటి, వెండిరంగు చేపకి అతుక్కున్నట్టు ఈదుతూ కనిపిస్తుంది. అది వేరే జాతి కాదు, జతకోసం రంగు మార్చిన మగచేప. అలాంటి జంటలు కనిపిస్తే గుంపుని వదిలి వెంటనే ముందుకు పోకండి, కాసేపు చూడదగ్గది అదే.

చెవ్రాన్ బరాకుడా దాదాపు మీటరు పొడవు పెరుగుతుంది. ఒంటికి రెండు పక్కలా బాణం మొనల్లాంటి నల్లని చారలు వరసగా ఉంటాయి. సుడిగాలిలా గుండ్రంగా తిరుగుతూ ఫొటోల్లో కనిపించే గుంపులు ఎక్కువగా ఇవే. గ్రేట్ బరాకుడా వేరు. అది పెరిగాక సాధారణంగా ఒంటరిగా తిరుగుతుంది, మీటరున్నర వరకు ఉండొచ్చు, ఒంటి కింది భాగంలో చెల్లాచెదురుగా నల్ల మచ్చలుంటాయి. పడవ నీడలో ఒక్కటే కదలకుండా నిలబడి మిమ్మల్ని చూస్తున్న బరాకుడా కనిపిస్తే అది గ్రేట్ బరాకుడా అయ్యుంటుంది. అది ఉన్నంత మాత్రాన దగ్గర్లో గుంపు ఉందని అనుకోకండి.

పసుపు ఒంటి మీద నాలుగు నీలి చారలున్న బ్లూ స్ట్రైప్ స్నాపర్లను వేటచేపల లెక్కలో వేయడం చాలామంది మరిచిపోతారు. అవీ రాత్రి పూట పీతల్ని, రొయ్యల్ని, చిన్న చేపల్ని వేటాడేవే. పగలు మాత్రం రాళ్ళ పక్కన ముద్దగా నిలబడి ఉంటాయి. ఇవి కదలవు కాబట్టి కొత్త డైవర్లకు అన్నిటికంటే తేలిగ్గా దక్కే గుంపు ఇదే.

జయంట్ ట్రెవల్లీ, బ్లూఫిన్ ట్రెవల్లీ, డాగ్‌టూత్ ట్యూనా పగలు కూడా వేటాడతాయి, రెండు మూడు చొప్పున దూసుకెళ్తాయి. వాటిని ముందుగా చూడటం కష్టం. ఫ్యూజిలియర్లని గమనిస్తే అవే చెబుతాయి. అప్పటిదాకా నీళ్ళ మధ్యలో తీరిగ్గా ఉన్న గుంపు ఉన్నట్టుండి బిగుసుకుని దిబ్బ వైపు దూకిందంటే, రెండు మూడు సెకన్లలో వాటి వెనక ఎవరో వస్తున్నారని అర్థం. అవి ఏ వైపు నుంచి పారిపోయాయో ఆ వైపుకి తల తిప్పండి.

తిథి చూసి తేదీ పెట్టుకోవడం

టికెట్లు కొనేముందు క్యాలెండర్‌లో తిథులు చూడండి. అమావాస్యకీ పౌర్ణమికీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకీ పోటుపాట్ల తేడా ఎక్కువ, ప్రవాహం కూడా బలంగా ఉంటుంది. అష్టమి చుట్టూ తేడా తక్కువ, నీళ్ళు నెమ్మది. ప్రవాహంలో పెద్దగా అలవాటు లేనివాళ్ళు సప్తమి నుంచి దశమి దాకా ఉండే రోజులు ఎంచుకుంటే మంచిది. అలవాటున్నవాళ్ళు ఏకాదశి నుంచి చతుర్దశి వరకు పెట్టుకోవచ్చు. పౌర్ణమి రోజునే దిగాలని పట్టుబట్టడంలో లాభం లేదు. గుంపు ఉంటుంది, మీరు అక్కడ నిలబడలేరు.

అండమాన్‌లో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. ఒక పోటుకీ తర్వాతి పాటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. పూర్తిగా నీళ్ళు నిలిచిపోయిన సమయంలో గుంపు వదులైపోయి దిబ్బ చుట్టూ అటూ ఇటూ తిరుగుతుంది, ఎక్కడుందో పట్టుకోవడం కష్టం. ప్రవాహం మరీ బలంగా ఉన్నప్పుడు మీ సిలిండర్‌లోని గాలి అంతా ఈతకే ఖర్చవుతుంది. నీళ్ళు నిలిచి మళ్ళీ కదలడం మొదలైన తర్వాత గంట, గంటన్నర లోపల దిగడం అన్నిటికంటే మేలు. అప్పటికి గుంపు మూలకి చేరి బిగుసుకుంటుంది, ప్రవాహం ఇంకా ముదరదు.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, గాలి, ప్రవాహాల అంచనాలను తన వెబ్‌సైట్‌లో పెడుతుంది, వెళ్ళే వారం రోజుల ముందు నుంచి చూస్తూ ఉండండి. అయితే రేవులో పోటు తిరిగే సమయం, సముద్రం మధ్య దిబ్బ మీద ప్రవాహం తిరిగే సమయం ఒకటి కావు. ఆ తేడా ఎంతో ఆ చోట రోజూ పడవ నడిపేవాళ్ళకే తెలుస్తుంది. డైవ్ సెంటర్‌లో అడగాల్సిన ప్రశ్న "బరాకుడాలు కనిపిస్తాయా?" కాదు. దానికి ఎవరైనా అవుననే అంటారు. "రేపు ఆ దిబ్బ మీద నీళ్ళు ఎన్నింటికి నిలుస్తాయి, ఆ తర్వాత ఏ వైపు పారతాయి?" అని అడగండి. జవాబు తడుముకోకుండా వస్తే ఆ సెంటర్‌తో వెళ్ళొచ్చు.

పడవ మీద నుంచి కిందికి

ముందు, పడవ కట్టడానికి నీళ్ళ మీద తేలేలా ఉంచిన మూరింగ్ బోయా వైపు చూడండి. తాడు బిగుసుకుని బోయా సగం మునిగి ఉంటే ప్రవాహం బలంగా ఉన్నట్టు. పూర్తిగా మునిగిపోయి ఉంటే ఆ డైవ్ వాయిదా వేయమనడానికి మొహమాటపడొద్దు. గాలి లేనప్పుడు కట్టేసిన పడవ ముక్కు ప్రవాహానికి ఎదురుగా తిరుగుతుంది. గాలి ఉంటే ఈ గుర్తును నమ్మకండి.

దిగడం బోయా తాడు పట్టుకునే దిగండి. ప్రవాహంలో చేతులు వదిలేసి దిగితే, చెవులు సర్దుకోవడానికి ఒక నిమిషం ఆగినా దిబ్బ దాటి వెనక్కి కొట్టుకుపోతారు. మళ్ళీ ఎదురు ఈది రావడానికే 30, 40 బార్ల (బార్ అంటే పీడనం కొలత) గాలి ఖర్చవుతుంది. గుంపులు చూడలేకపోవడానికి ఈ ఒక్క తప్పు చాలు. చెవులు నెమ్మదిగా సర్దుకునేవాళ్ళు ఆ సంగతి ముందే గైడ్‌కి చెప్పి అందరికంటే ముందు దిగాలి.

గాలి లెక్క పడవ మీదే వేసుకోండి. మామూలుగా ఇచ్చే అల్యూమినియం 80 సిలిండర్ 11.1 లీటర్లది. 200 బార్లకు నింపితే సుమారు 2,220 లీటర్ల గాలి. 25 మీటర్ల లోతులో పీడనం 3.5 బార్లు, అంటే పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాళ్ళు అక్కడ 70 లీటర్లు పీలుస్తారు. 80 బార్లకి వచ్చేసరికి ఆ లోతు వదిలి పైకి బయల్దేరాలనుకుంటే చేతిలో ఉన్నది 120 బార్లు, 1,332 లీటర్లు. అంటే 19 నిమిషాలు. దిగడానికి పట్టేదీ ఇందులోనే. కంగారుతో నిమిషానికి 25 లీటర్లు పీల్చే కొత్తవాళ్ళకి 15 నిమిషాలే. డైవింగ్ శిక్షణ ఇచ్చే పాడి సంస్థ టేబుల్‌లో 25 మీటర్లకు డీకంప్రెషన్ లేని సమయం (ఒంట్లో చేరిన నైట్రోజన్ కోసం దారిలో ఎక్కువసేపు ఆగకుండా పైకి రాగలిగే గడువు) 29 నిమిషాలు, 30 మీటర్లకు 20. కాబట్టి 25 మీటర్ల దగ్గర మామూలు డైవర్లకి ముందు అయిపోయేది గాలే. 32 శాతం నైట్రాక్స్ (ఆక్సిజన్ 32 శాతం ఉండే గాలి) తీసుకుంటే ఆ సమయం పెరుగుతుంది కానీ గాలి పెరగదు, పైగా 33 మీటర్లు దాటకూడదు. రోజుకి మూడు డైవ్‌లు చేసేవాళ్ళకి అది పనికొస్తుంది, ఒక్క డైవ్ కోసమైతే డబ్బు దండగ.

కిందికి చేరాక మొదటి పని దిశ పట్టుకోవడం. సముద్రపు విసనకర్రలు, అంటే సీ ఫ్యాన్‌లనే పగడాలు, ప్రవాహానికి అడ్డంగా పెరుగుతాయి. మెత్తని పగడాలు నీళ్ళు పారుతున్నప్పుడే ఉబ్బి విచ్చుకుని ఉంటాయి. దిబ్బ మీది చిన్న చేపలన్నీ ఒకే వైపు తల పెట్టుకుని ఉంటే ఆ వైపు నుంచే ప్రవాహం వస్తోంది. నేలకి దగ్గరగా, రాళ్ళ చాటున ఆ వైపుకి వెళ్ళండి. నేల దగ్గర ప్రవాహం తక్కువ, రెండు మీటర్లు పైకి లేస్తే ఎక్కువ.

గట్టు అంచుకి చేరాక ఆగి, దిబ్బకి వీపు పెట్టి నీలం వైపు, అంటే బయటి సముద్రం వైపు చూడండి. డైవర్లలో ఎక్కువమంది దిబ్బ వైపే చూస్తూ ఈదుతారు, గుంపు వాళ్ళ వెనకే పోతుంది. పైకి కూడా చూడాలి. మీరు 25 మీటర్లలో ఉంటే బరాకుడాలు చాలాసార్లు మీ నెత్తిన, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటాయి. స్నాపర్లు మాత్రం అంచు కిందనో, రాయి పక్కనో, ప్రవాహం తగలని చాటున ఉంటాయి.

గుంపు కనిపించాక

నేరుగా దాని మీదికి ఈదొద్దు. వేటాడే జంతువు వచ్చే తీరు అదే కాబట్టి గుంపు వెంటనే పక్కకి ఒరిగి దూరమైపోతుంది. దానికి సమాంతరంగా, అది పోయే దిశలోనే, కొంచెం కింద నుంచి ఈదుతూ దూరాన్ని కొద్దికొద్దిగా తగ్గించుకోండి. చేతులు ఒంటికి దగ్గరగా ఉంచి, శ్వాస ఒక్కసారిగా వదలకుండా సన్నగా వదలండి. పెద్ద బుడగల మోతకి ట్రెవల్లీలు ఉలిక్కిపడతాయి. నాలుగైదు మీటర్ల దూరంలో ఆగి, ఉన్నచోటే ఉండండి. కదలని డైవర్ చుట్టూ గుంపు తనంతట తాను తిరగడం తరచూ జరుగుతుంది. ఒక్కరు మధ్యలోకి దూరితే చాలు, గుంపు రెండుగా చీలి, మళ్ళీ కలవడానికి దూరంగా పోతుంది. ఆ తర్వాత మిగతావాళ్ళకి చూడటానికి నీళ్ళే మిగులుతాయి.

ఈ సమయంలో జరిగే అసలు ప్రమాదం లోతు తెలియకపోవడం. చుట్టూ నీలం, కళ్ళ ముందు తిరిగే చేపలు, కింద నేల కనపడదు. చూస్తూ చూస్తూ ఐదారు మీటర్లు కిందికి జారిపోతారు. అర నిమిషానికోసారి లోతు చూపే డైవ్ కంప్యూటర్ చూడండి. జంటలో ఒకరు చేపల్ని చూస్తుంటే ఇంకొకరు దిబ్బని కంటికి ఆనించుకుని ఉండాలి. గోడ అంచున నీళ్ళు కిందికి లాగుతున్నట్టనిపిస్తే, అంటే మీ బుడగలు పైకి పోకుండా పక్కలకో కిందికో పోతుంటే, దానికి ఎదురు పైకి ఈదొద్దు. గోడని పట్టుకోవడమో, అడ్డంగా ఈది దాని నుంచి బయటపడటమో చేయండి. తేలడానికి వేసుకున్న జాకెట్‌లోకి గాలి పంపాల్సి వస్తే కొంచెమే పంపండి. ఆ ప్రవాహం దాటగానే అదే గాలి మిమ్మల్ని వేగంగా పైకి విసురుతుంది.

పసిఫిక్ సముద్రంలోని పలావు దేశంలో బ్లూ కార్నర్ లాంటి చోట్ల, ప్రవాహంలో నిలబడటానికి రీఫ్ హుక్ అనే తాడు కట్టిన కొక్కెం వాడతారు. హుక్‌ని బతికున్న పగడం లేని రాయికే తగిలించాలి, రెండో కొసని జాకెట్ ముందు రింగుకి కట్టాలి. తర్వాత జాకెట్‌లో కాస్త గాలి నింపితే గాలిపటంలా నిలబడతారు. విప్పేముందు ఆ గాలి తీసేయడం మరిచిపోతే పైకి తేలిపోతారు. సొంతంగా హుక్ కొనుక్కుని వెళ్ళేముందు అక్కడ దాన్ని అనుమతిస్తారో లేదో కనుక్కోండి.

బరాకుడాకి భయపడేవాళ్ళు ఎక్కువ గానీ, ఈ దిబ్బల మీద డైవర్లని నిజంగా కరిచేది టైటన్ ట్రిగ్గర్ చేప. గూడు కాసే రోజుల్లో దాని సరిహద్దు గూటి నుంచి పైకి గరాటులా విచ్చుకుంటుంది. అది తరిమితే పైకి లేస్తే ఇంకా దాని సరిహద్దులోనే ఉంటారు. ఫిన్‌లు దాని వైపు పెట్టి, అడ్డంగా, నేలకి దగ్గరగా ఈదుతూ తప్పుకోండి.

కెమెరా ఉన్నవాళ్ళకి రెండు మాటలు. వెండి చేపల మీద ఫ్లాష్ పడితే ఫొటోలో తెల్లటి మచ్చలే మిగులుతాయి. స్ట్రోబ్ (నీటి అడుగున వాడే ఫ్లాష్) శక్తి బాగా తగ్గించండి, లేదా ఆపేసి సహజ కాంతిలో తీయండి. వైడ్ లెన్స్, సెకనులో 160వ వంతు షట్టర్, ఎఫ్ 8, ఐఎస్ఓ 200 నుంచి 400 దగ్గర మొదలుపెట్టి సర్దుకోవచ్చు. గుంపు కిందకి చేరి సూర్యుడి వైపు తీస్తే ఫ్లాష్ అవసరమే ఉండదు.

పైకి వచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్లు మించొద్దు, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ప్రవాహంలో తాడు దొరక్కపోవచ్చు కాబట్టి ప్రతి జంట దగ్గరా పైకి వదిలే సిగ్నల్ బోయా, రీలూ ఉండాలి. వాటిని వాడటం ఒడ్డున నేర్చుకుని రండి.

ఎక్కడికి వెళ్ళాలి

తెలుగు రాష్ట్రాల నుంచి సులువుగా చేరగలిగేది అండమాన్. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫెర్రీలో హేవ్‌లాక్ వెళ్ళాలి. పేర్లు ఇప్పుడు శ్రీ విజయపురం, స్వరాజ్ ద్వీప్ అయినా డైవ్ సెంటర్లలో అందరూ పాత పేర్లే వాడతారు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, భాష ఇబ్బంది ఉండదు. డిక్సన్స్ పినకిల్, జానీస్ గోర్జ్, జాక్సన్స్ బార్ అనే మూడు చోట్లు అడగండి. జానీస్ గోర్జ్, జాక్సన్స్ బార్ స్నాపర్ల గుంపులకి పేరుపడ్డాయి, బరాకుడాలు, ట్రెవల్లీలు మూడు చోట్లా తిరుగుతాయి. చూడాల్సినదంతా 18 మీటర్ల కిందే ఉంటుంది కాబట్టి డైవింగ్‌లో మొదటి మెట్టైన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ చాలదు, ఆ పైదైన అడ్వాన్స్‌డ్ ఉండాలి. కోర్సు అక్కడే చేసి, ఆ కోర్సులోని డీప్ డైవ్‌ని ఈ దిబ్బల్లో ఒకదాని మీద పెట్టించుకోవడం తెలివైన పని. జనవరి నుంచి ఏప్రిల్ వరకు సముద్రం బాగుంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వర్షాలకి పడవలు దూరం పోలేవు. చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉంచుకోండి, ఫెర్రీ ఆలస్యాలు కూడా లెక్కలో వేసుకోండి.

కర్ణాటకలో మురుడేశ్వర్ నుంచి వెళ్ళే నేత్రాణి దీవి దగ్గరదే. నీళ్ళ స్పష్టత రోజుకో రకంగా ఉంటుంది, గుంపులు చిన్నవి. మన విశాఖలో స్కూబా నేర్చుకోవచ్చు, కానీ ఈ చేపల గుంపుల కోసమైతే అక్కడి నీళ్ళ స్పష్టత మీద ఆశ పెట్టుకోవద్దు.

థాయ్‌లాండ్‌లో కో తావ్ దగ్గర చుంఫోన్ పినకిల్, సెయిల్ రాక్ ఉన్నాయి. ఖర్చు, శిక్షణ, చేపలు మూడూ కలిపి చూస్తే మొదటి విదేశీ ప్రయాణానికి ఇంతకంటే మంచిది లేదు. నవంబరు, డిసెంబరుల్లో మాత్రం వద్దు, అక్కడ అది వానకాలం. బాలిలోని తులాంబెన్‌కి పడవ కూడా అక్కర్లేదు. 1942లో టార్పెడో దెబ్బతిని, 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు నీళ్ళలోకి జారిన లిబర్టీ ఓడ ఒడ్డుకి ఆనుకునే ఉంది. ఆ పరిసరాల్లో బిగ్ ఐ ట్రెవల్లీల గుంపు తిరుగుతుంది. పగటి జనం రాకముందే, తెల్లవారుతుండగా దిగండి. ఒడ్డు గుండ్రాళ్ళది కాబట్టి గట్టి అడుగున్న బూట్లు తప్పనిసరి.

ఈ చేపల కోసమే ఒక్కసారి పెద్ద ఖర్చు పెట్టదలిస్తే మలేషియాలోని సిపడాన్‌కి పెట్టండి. సముద్రపు అడుగు నుంచి దాదాపు 600 మీటర్లు నిటారుగా లేచిన దీవి అది. అక్కడి బరాకుడా పాయింట్‌లో చెవ్రాన్ బరాకుడాలు, డ్రాప్ ఆఫ్ దగ్గర బిగ్ ఐ ట్రెవల్లీలు ఉంటాయి. 2004 చివర్లో దీవి మీది రిసార్టులన్నిటినీ తీసేశారు. ఇప్పుడు తవావు విమానాశ్రయం నుంచి సెంపోర్నాకి వెళ్ళి, అక్కడో, మాబుల్ దీవిలోనో బస చేయాలి. రోజుకి ఇన్ని పర్మిట్లని లెక్క ఉంది, నెలల ముందే అడగాలి. గది బుక్ చేసేముందు "మా బసలో సిపడాన్ పర్మిట్ ఎన్ని రోజులకి ఖాయం?" అని రాతపూర్వకంగా తీసుకోండి. పర్మిట్ లేకుండా వెళ్ళి చుట్టుపక్కల దీవుల్లో డైవ్ చేసి వచ్చేవాళ్ళు తక్కువేం కాదు.

మాల్దీవుల్లో చేపలు కాలువల మూతి దగ్గర చేరతాయి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ప్రవాహం ఎక్కువగా తూర్పు నుంచి వస్తుంది కాబట్టి తూర్పు వైపు కాలువలు, మే నుంచి పడమటి వైపువి చూసుకోవాలి. గల్ఫ్‌లో ఉండేవాళ్ళకి ఈజిప్టులోని రాస్ మొహమ్మద్ దగ్గరవుతుంది. జూన్, జులైల్లో అక్కడి షార్క్ రీఫ్ మీద బోహర్ స్నాపర్లు గుడ్లు పెట్టడానికి పెద్ద ఎత్తున గుమికూడతాయి, బరాకుడాలు కూడా తోడవుతాయి. ఎండకి జడిసి ఆ నెలలు వదులుకోవద్దు, శీతాకాలంలో ఆ గుంపు ఉండదు.

అమెరికాలో ఉండేవాళ్ళకి ఫ్లోరిడాలోని కీ లార్గో. 2002లో ముంచిన స్పీగెల్ గ్రోవ్ ఓడ చుట్టూ గ్రేట్ బరాకుడాలు, హార్స్ ఐ జాక్‌లనే ట్రెవల్లీ బంధువులు ఉంటాయి. ఓడ పై భాగమే దాదాపు 20 మీటర్ల లోతులో ఉంది, అడ్వాన్స్‌డ్ లేకపోతే మొలాసెస్ రీఫ్‌కి వెళ్ళండి. ఇక్కడి బరాకుడాలకి పడవ నీడ ఇష్టం, నిచ్చెన పక్కనే నిలబడి ఉంటాయి. తళుక్కున మెరిసేదాన్ని చేపపిల్ల అనుకుని పొరబడే అవకాశం ఉంది కాబట్టి మెడలో గొలుసు, చేతికి ఉంగరం, గాజులు హోటల్ గదిలోనే తీసిపెట్టి రండి.